ఇటలీలో అయిదు వారాల కళా పాఠాలు: వెళ్ళే ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: నేను డాలస్ దగ్గర ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది విజయవాడ. ఇండియన్ పాస్‌పోర్టు, ఎఫ్-1 (విద్యార్థి) వీసా. వచ్చే వేసవిలో మా యూనివర్సిటీ ఇటలీ కళ, సంస్కృతి మీద అయిదు వారాల ప్రోగ్రామ్ నడుపుతోంది. మే చివర్లో మొదలై జూన్ చివరికి అయిపోతుంది. నాలుగు వారాలు ఫ్లోరెన్స్‌లో, చివరి వారం రోమ్‌లో. రెండు కోర్సులు: రినైజాన్స్ (పునరుజ్జీవన కాలం) కళా చరిత్ర, ఇటాలియన్ భాషా సంస్కృతి. ఒక్కోటి మూడు క్రెడిట్లు. నాకు బొమ్మలంటే ఇష్టం కానీ పద్ధతిగా ఎప్పుడూ చదవలేదు. నాన్నేమో ‘ఫోన్‌లో కనిపించే బొమ్మల కోసం అంత డబ్బు పెట్టి వెళ్ళడమేంటి, ఇంటర్న్‌షిప్ చూసుకో’ అంటున్నారు. 90 రోజుల లోపే కాబట్టి వీసా అక్కర్లేదని స్టడీ అబ్రాడ్ ఆఫీసులో చెప్పారు. నిజమేనా? నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. ఏం చేయమంటారు?
— ఒక విద్యార్థిని, టెక్సస్

సమాధానం: ముందు వీసా సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఎక్కువమంది ప్రయాణాలు అక్కడే ఆగిపోతాయి. ఆఫీసులో మీకు చెప్పింది అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి వర్తిస్తుంది. మీ గ్రూపులో ఎక్కువమంది వాళ్ళే అయుంటారు కాబట్టి అందరికీ ఒకటే మాట చెప్పేస్తారు. ఇండియన్ పాస్‌పోర్టుతో ఒక్క రోజుకి వెళ్ళినా షెంగెన్ వీసా, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న యూరప్ దేశాల ఉమ్మడి వీసా, కావాలి. మీకు కావాల్సింది 90 రోజుల లోపు ఉండటానికి ఇచ్చే ‘సి’ రకం వీసా. దాన్ని చదువు కోసమని అడగండి. చేతిలో యూనివర్సిటీ ఉత్తరం పెట్టుకుని టూరిస్టు అని రాస్తే కాగితాలకీ మాటకీ పొంతన ఉండదు.

టెక్సస్‌లో ఉండేవాళ్ళు హ్యూస్టన్‌లోని ఇటలీ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. దరఖాస్తులు విఎఫ్‌ఎస్ అనే సంస్థ కేంద్రం ద్వారా తీసుకుంటారు, వేలిముద్రలకి మీరే వెళ్ళాలి. ఫీజు 90 యూరోలు, దాని మీద సర్వీసు చార్జీ అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, అనుమానం వస్తే 45 రోజుల దాకా పట్టవచ్చు. మే చివర్లో ప్రయాణం కాబట్టి నవంబరు చివరికే మీకు తలుపు తెరుచుకుంటుంది. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి వేసవి ప్రయాణాల వాళ్ళంతా ఒక్కసారి మీద పడతారు, అపాయింట్‌మెంట్ దొరకడమే గగనమవుతుంది.

చాలామంది ఇరుక్కునేది కాగితాల దగ్గర. పాస్‌పోర్టు పదేళ్ళ లోపు ఇచ్చినదై ఉండాలి, షెంగెన్ వదిలి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. రానూపోనూ టికెట్టు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐ-20 (ఎఫ్-1 విద్యార్థికి యూనివర్సిటీ ఇచ్చే పత్రం), కనీసం 30,000 యూరోల కవరేజీతో షెంగెన్ దేశాలన్నిటికీ చెల్లే ఇన్సూరెన్సు ఉండాలి. అందులో అత్యవసర వైద్యంతో పాటు స్వదేశానికి చేర్చే ఖర్చు కూడా కలిసుండాలి. యూనివర్సిటీ ఇన్సూరెన్సు ఉంటే సరిపోతుంది కానీ, ఆ మొత్తం, ఆ మాటలు ఉత్తరంలో విడిగా రాసిచ్చేలా అడగండి. ఇవన్నీ మీ చేతిలో ఉన్నవే. మీ చేతిలో లేనివి రెండు: ఇటలీలో చదువు చెప్పే సంస్థ ఇచ్చే ఉత్తరం, ఎక్కడ ఉంటారో చిరునామాతో రుజువు. ప్రోగ్రామ్ వాళ్ళు సాధారణంగా ఇళ్ళ కేటాయింపు ఏప్రిల్ దాకా తేల్చరు. అమెరికన్ విద్యార్థులకి అప్పుడు తెలిస్తే చాలు, మీకు చాలదు. కాబట్టి మీ అడ్వైజర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టండి: నాకు షెంగెన్ వీసా అవసరం, ఫిబ్రవరి కల్లా నా పేరు మీద సంస్థ ఉత్తరం, వసతి ఉత్తరం రెండూ కావాలి, ఇవ్వగలరా? వాళ్ళు ఇవ్వలేమంటే డిపాజిట్ కట్టకండి. కట్టాక వీసా రాకపోతే డబ్బు వెనక్కిస్తారో లేదో ఆ మెయిల్‌లోనే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఒకసారి లోపలికి వెళ్ళే వీసా ఇస్తే, మధ్యలో లండన్ వెళ్ళొస్తామంటే కుదరదు. బ్రిటన్ షెంగెన్‌లో లేదు, దానికి వేరే వీసా కావాలి, పైగా మీరు మళ్ళీ ఇటలీలోకి రాలేరు. వాటికన్‌కి ఆ చిక్కు లేదు.

ఇంకో కాగితం మీ దగ్గరే ఉంది, దాన్ని ఈ రోజే తీసి చూడండి: పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు. మీరు తిరిగొచ్చే తేదీకి అది చెల్లుబాటులో ఉండాలి. ఐ-20 బాగున్నంతకాలం స్టాంపు గడువు దాటినా అమెరికాలో ఉండొచ్చు, బయటికి వెళ్తే మాత్రం ఆ స్టాంపుతోనే లోపలికి రావాలి. గడువు దాటిన స్టాంపుతో తిరిగి రానిచ్చే సడలింపు కెనడా, మెక్సికో, చుట్టుపక్కల కొన్ని దీవులకి మాత్రమే. యూరప్‌కి లేదు. స్టాంపు ఇటలీలోనే వేయించుకుందామన్న ఆలోచన పెట్టుకోకండి, ఇప్పుడు అమెరికా కాన్సులేట్లు సొంత దేశంలోనో, నివాసమున్న దేశంలోనో దరఖాస్తు పెట్టుకోమంటున్నాయి. గడువు దగ్గరపడి ఉంటే డిసెంబరు సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు హైదరాబాద్‌లో కొత్త స్టాంపుకి ముందే తేదీ తీసుకోండి. అది కుదరకపోతే ఈ వేసవికి ఇటలీ వద్దు. ఐ-20 మీద డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) ప్రయాణ సంతకం ఏడాది లోపుదై ఉండాలి, వేసవి ప్రోగ్రామ్ సంగతి కూడా ఆయనకి చెప్పి ఉంచండి.

ఇక నాన్నగారి మాట. ఇంటర్న్‌షిప్పా, ఇటలీయా అన్నది మీరు ఏ సంవత్సరంలో ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. రెండో సంవత్సరం తర్వాతి వేసవి అయితే ఇటలీకి వెళ్ళడానికి మేము ఓటేస్తాం. మూడో సంవత్సరం తర్వాతి వేసవి అయితే వెయ్యం. చాలా కంపెనీల ఇంటర్న్‌షిప్పులు పది పన్నెండు వారాలు ఉంటాయి, మేలోనో జూన్ మొదట్లోనో మొదలవుతాయి. జూన్ చివర్లో తిరిగొచ్చి వాటిలో చేరడం కుదరదు. ఉద్యోగం చేతికొచ్చేది ఎక్కువగా మూడో సంవత్సరం వేసవి ఇంటర్న్‌షిప్ తోనే. ఈ ప్రోగ్రామ్ వల్ల కంప్యూటర్ ఉద్యోగం దొరకదు, ఇంట్లో అలా చెప్పి ఒప్పించవద్దు.

డబ్బు దగ్గర నాన్నగారికి చూపించాల్సిన లెక్క ఒకటుంది. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏ డిగ్రీకైనా 42 క్రెడిట్ల కోర్ కోర్సులు తప్పనిసరి. అందులో సృజనాత్మక కళల కింద మూడు క్రెడిట్లు, భాష, తత్వం, సంస్కృతి కింద మూడు క్రెడిట్లు ఉంటాయి. మీ రెండు కోర్సులూ ఆ రెండు గళ్ళలో కూర్చుంటే ఎలాగూ కట్టాల్సిన ఆరు క్రెడిట్ల ఫీజే ఇక్కడ కడుతున్నట్టు లెక్క. అదనపు ఖర్చు విమానం, వసతి, తిండి, ప్రోగ్రామ్ ఫీజు మాత్రమే. కూర్చోకపోతే ఆరు క్రెడిట్లూ అదనమే. బ్రోషర్‌లో ‘ఆరు క్రెడిట్లు’ అని ఉంటే సరిపోదు, మీ డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌తో కోర్సు నంబర్లు చూపించి, కోర్‌కి లెక్కలోకి తీసుకుంటామని రాయించుకోండి. మీ యూనివర్సిటీ కోర్సు నంబర్లతోనే నడిపే ప్రోగ్రామ్ అయితే ఇది తేలిక. ఇటలీ సంస్థ నుంచి క్రెడిట్లు బదిలీ అయ్యే పద్ధతి అయితే మార్కుల షీటు రావడానికి నెలలు పడుతుంది. ఫెడరల్ సహాయం, విదేశాల్లో చదువుకోవడానికి అమెరికా ప్రభుత్వమిచ్చే గిల్మన్ స్కాలర్‌షిప్ ఎఫ్-1 వీసా వాళ్ళకి రావు. మీరు అడగాల్సింది యూనివర్సిటీ సొంత స్టడీ అబ్రాడ్ స్కాలర్‌షిప్పులు. వాటిలో చాలా వాటికి పౌరసత్వ నిబంధన ఉండదు. ఇంత లెక్క చూశాక కూడా అప్పు చేయాల్సి వస్తుందంటే వెళ్ళకండి. క్యాంపస్‌లో కళా చరిత్ర కోర్సు తీసుకోండి, ఇటలీ ఎక్కడికీ పోదు.

‘ఫోన్‌లో కనిపించే బొమ్మలు’ అన్నారే, దానికి మాత్రం గట్టిగా జవాబు చెప్పాలి. ఇటలీలో ఉన్న గొప్ప కళాకృతుల్లో చాలా భాగం గోడలకి అంటుకుని ఉన్నాయి. ఆ గోడ కోసం, ఆ కిటికీ వెలుతురు కోసం, అక్కడ నిలబడే మనిషి కంటి ఎత్తు కోసం వేసినవి. ఫ్లోరెన్స్‌లో ఆర్నో నది అవతల శాంతా మరియా దెల్ కార్మినే చర్చిలో బ్రాంకాచి చాపెల్ (చర్చి లోపలి చిన్న ప్రార్థన గది) ఉంది. అందులో ఎడమ గోడ మీద చిత్రకారుడు మసాచో 1420ల్లో వేసిన ‘పన్ను డబ్బు’ చిత్రం ముందు నిలబడండి. చిత్రంలో మనుషుల నీడలన్నీ ఎడమ వైపు పడుతుంటాయి, అంటే వెలుగు కుడి నుంచి వస్తోంది. మీ కుడి వైపు తల తిప్పితే చాపెల్ అసలు కిటికీ సరిగ్గా అటే ఉంటుంది. ఫోన్‌లో నీడలు కనిపిస్తాయి, కిటికీ కనిపించదు.

అదే చిత్రంలో ఏసు శిష్యుడు పీటర్ మూడు సార్లు ఉంటాడు. మధ్యలో పన్ను అడిగేవాడి ఎదుట, ఎడమ వైపు చేప నోట్లోంచి నాణెం తీస్తూ, కుడి వైపు ఆ నాణెం చెల్లిస్తూ. అమెరికన్ క్లాస్‌మేట్లు దీని దగ్గర తికమకపడతారు. మీకు అది కొత్త కాదు. అమరావతి స్తూపం ఫలకాల్లో నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి రాయి చెన్నై మ్యూజియంలో ఉంది. ఒకే వలయంలో ఏనుగు ఒక పక్క జనాన్ని తొక్కుతూ, ఇంకో పక్క బుద్ధుడి కాళ్ళ దగ్గర మోకరిల్లుతూ కనిపిస్తుంది. ఈ పోలిక క్లాసులో చెప్పండి, ఆ తర్వాత చర్చ వేరే స్థాయికి వెళ్తుంది.

కాబట్టి ప్రోగ్రామ్ మంచిదా కాదా అని తేల్చడానికి ఒకే ఒక్క కాగితం అడగండి: పోయిన ఏడాది రోజువారీ టైమ్‌టేబుల్. పేరు, ఫొటోలు, రేటింగులు కాదు. అందులో కళాకృతుల ముందు నిలబడి చెప్పే పాఠాలు ఎన్ని గంటలు, గదిలో స్లైడ్లు ఎన్ని గంటలు అని లెక్కపెట్టండి. సగానికి పైగా గదిలోనే అయితే ఆ పాఠం డాలస్‌లో కూడా వినొచ్చు. గ్రూపు ఎంతమందో కూడా చూడండి. బ్రాంకాచి లాంటి చోట ముందే బుక్ చేసుకోవాలి, విడతకి కొద్దిమందినే, కొద్ది నిమిషాలే ఉండనిస్తారు. పెద్ద గ్రూపుని రెండు ముక్కలు చేస్తే ఒక ముక్క బయట కూర్చుంటుంది. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ లోపల గైడ్లు పాఠం చెప్పకూడదు, అందుకే బయట ఆవరణలో బొమ్మల బోర్డుల దగ్గర ముందే చెప్పేస్తారు. టైమ్‌టేబుల్‌లో అలాంటి గంట లేకపోతే ఆ ప్రోగ్రామ్ నడిపేవాళ్ళకి ఆ స్థలం సరిగ్గా తెలియదన్నమాట.

చదువు బరువు కూడా లెక్కేసుకోండి. ఒక క్రెడిట్ అంటే పదిహేను వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, రెండు గంటల సొంత పని, మొత్తం 45 గంటలు. ఆరు క్రెడిట్లకి 270 గంటలు. అయిదు వారాల్లో కుక్కితే వారానికి 54. క్లాసులే వారానికి 18 గంటలు అవుతాయి. గురువారం రాత్రి బార్సిలోనా, ప్రాగ్ అని విమానాలెక్కే వాళ్ళు ఆదివారం అర్ధరాత్రి దిగి, సోమవారం పొద్దున చర్చిలో గోడకి ఆనుకుని నిద్రపోతారు. ఉన్న నాలుగు శనాదివారాల్లో రెండు ఫ్లోరెన్స్‌కే ఇవ్వండి. ఒకటి సియెనాకి. అక్కడికి రైలు కంటే బస్సు నయం, రైల్వే స్టేషను కొండ కింద ఉంటుంది. ఇంకోటి పాదువాకి. ఫ్లోరెన్స్ నుంచి వేగం రైల్లో రెండు గంటల లోపే. అక్కడి స్క్రోవెన్యీ చాపెల్‌లో చిత్రకారుడు జొత్తో 1305 ప్రాంతానికి పూర్తి చేసిన గోడ చిత్రాలున్నాయి. లోపలి గాలి తేమ మారకుండా సందర్శకుల్ని ముందు ఒక అద్దాల గదిలో 15 నిమిషాలు కూర్చోబెడతారు, తర్వాత లోపల ఇంకో 15 నిమిషాలు. మీ సమయానికి ఆలస్యంగా వెళ్తే ఆ విడత పోయినట్టే. రైలుకీ టికెట్టుకీ మధ్య గంటన్నర ఖాళీ ఉంచుకోండి.

ఫ్రెస్కో, అంటే తడి గార మీద వేసే గోడ చిత్రం, ఎలా తయారవుతుందో తెలుసుకుని వెళ్తే చూసే కన్నే మారిపోతుంది. ముందు గోడకి ముతక గార పూస్తారు. దాని మీద ఎర్ర మట్టి రంగుతో బొమ్మ గీస్తారు, దాన్ని సినోపియా అంటారు. ఆ తర్వాత ప్రతి పొద్దునా ఆ రోజు వేయగలిగినంత మేరకే సన్న గార పూసి, అది తడిగా ఉండగానే నీళ్ళలో నూరిన రంగు వేస్తారు. తడి సున్నం గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. రంగు రాయిలో భాగమైపోతుంది, అందుకే 700 ఏళ్ళు నిలిచింది. సాయంత్రానికి మిగిలిన తడి గారని చెక్కేస్తారు. మర్నాటి ముక్క నిన్నటి ముక్క అంచు మీదకి కొద్దిగా ఎక్కుతుంది. పక్క నుంచి వెలుతురు పడేలా నిలబడితే ఆ అతుకులు కంటికే కనిపిస్తాయి. ఏ ముక్క దేని మీదకి ఎక్కిందో చూసి చిత్రకారుడు ఏ తల ముందు వేశాడో చెప్పొచ్చు. సాధారణంగా తల ఒక్కదానికే ఒక రోజు, ఆకాశానికి వచ్చేసరికి పెద్ద పెద్ద ముక్కలు. ఖరీదైన నీలం రంగు అజురైట్ తడి సున్నంలో నిలవదు కాబట్టి గోడ ఆరాక జిగురుతో పైన అద్దేవారు. రాలిపోయేదీ అదే. మేరీమాత వస్త్రం చాలా చోట్ల నల్లగానో బోసిగానో ఉండటానికి కారణం ఇది.

మన అజంతాలో పద్ధతి వేరు, ఆరిన పూత మీద రంగులు వేశారు. 1920 నుంచి 1922 మధ్య నిజాం ప్రభుత్వం అజంతా చిత్రాల్ని బాగుచేయడానికి లొరెంజో చెక్కోని, కౌంట్ ఒర్సిని అనే ఇద్దరు ఇటాలియన్ నిపుణుల్ని రప్పించింది. ఊడిపోతున్న పూతని వాళ్ళు గోడకి నిలబెట్టారు, కానీ పైన పూసిన వార్నిష్ తర్వాత రంగు మారి చిత్రాల్ని మసకబార్చింది. ఫైనల్ పేపర్‌కి అంశం వెతుక్కునేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి. ఇటలీ పునరుద్ధరణ పద్ధతులకీ మన గోడలకీ ఉన్న ఈ సంబంధం మీద రాయడానికి మీకున్న చొరవ మీ క్లాసులో ఇంకొకరికి ఉండదు. ఇంకోటి సాలార్‌జంగ్ మ్యూజియంలోనే ఉంది. ముసుగు రెబెక్కా విగ్రహాన్ని చెక్కింది జొవాన్ని మరియా బెన్జోని, కొన్నది మొదటి సాలార్‌జంగ్, 1876లో రోమ్‌లో. డిసెంబరులో వెళ్తే పాలరాతి ముసుగు ఎక్కడ పలచగా, ఎక్కడ మందంగా చెక్కారో పక్క నుంచి చూడండి. జూన్‌లో రోమ్ బోర్గేజే గ్యాలరీలో బెర్నీని 1622–25 మధ్య చెక్కిన అపొల్లో, దఫ్నే విగ్రహాలు చూసినప్పుడు చెట్టుగా మారుతున్న దఫ్నే వేళ్ళ చివర మొలిచే ఆకుల మందం మీ కంటికి వెంటనే అందుతుంది.

పద్ధతిగా చదవలేదన్న బెంగ వద్దు. కావాల్సిన సాధన మీ పక్కనే ఉంది. ఫోర్ట్‌వర్త్‌లోని కింబెల్ మ్యూజియంలో శాశ్వత సేకరణ చూడటానికి టికెట్టు లేదు, సోమవారం సెలవు. అక్కడ దూచ్చో, ఫ్రా ఆంజెలికో, కారవాజ్జో ఉన్నారు. మైకలాంజెలో 12–13 ఏళ్ళ వయసులో వేసిన సెయింట్ ఆంథొనీ చిత్రం ఉంది. ఏదైనా ఇంకో మ్యూజియానికి అరువు వెళ్ళిందేమో బయల్దేరే ముందు వెబ్‌సైటులో చూసుకోండి. నెలకొకసారి వెళ్ళి ఒక్క చిత్రం ముందు ఇరవై నిమిషాలు కూర్చోండి. ఫొటో తీయకండి, పెన్సిల్‌తో గీయండి. గీత బాగా రావక్కర్లేదు. చెయ్యి కదిలితేనే, భుజం కింద ఉండాల్సిన మోచెయ్యి ఎక్కడుందో కన్ను వెతుకుతుంది. ఇటలీ మ్యూజియాల్లో కూడా ఇదే పని, పెన్ను బదులు పెన్సిలే పట్టుకెళ్ళండి.

కథలు తెలియకపోతే బొమ్మలు మూగగా ఉంటాయి. తెలుగు బైబిల్లో ఆదికాండము మొదటి మూడు అధ్యాయాలు, లూకా మొదటి రెండు, మత్తయి సువార్త మొత్తం చదవండి. తర్వాత సాధువుల గుర్తులు. శంఖచక్రాలు చూసి విష్ణువుని పోల్చుకున్నట్టే, తాళంచెవులుంటే పీటర్, కత్తి ఉంటే పాల్, చక్రం ఉంటే కేథరిన్, ఇనుప చువ్వల మంచం ఉంటే లారెన్స్, ఒంటి నిండా బాణాలుంటే సెబాస్టియన్, పక్కన సింహం ఉంటే జెరోమ్. ఓ పాతిక గుర్తులు వస్తే చాలు, చర్చిలో ఏ మూలకి వెళ్ళినా దారి తప్పరు.

ఫ్లోరెన్స్‌లో మొదటి వారమే ఉఫీజీ మ్యూజియం మొదటి గదుల్లో ఒక పూట గడపండి. చిమబూయే, దూచ్చో, జొత్తో ముగ్గురూ వేసిన మేరీమాత చిత్రాలు ఒకే చోట ఉంటాయి, అన్నీ మనిషి కంటే ఎంతో ఎత్తు, బంగారు నేపథ్యం. చిమబూయే దానిలో దేవదూతలు సింహాసనానికి రెండు పక్కలా ఒకరి మీద ఒకరు పేర్చినట్టుంటారు, వస్త్రం మడతల మీద బంగారు గీతలు. జొత్తో దగ్గరికి రాగానే సింహాసనానికి లోతు వస్తుంది, వస్త్రం కింద మోకాళ్ళు ముందుకి పొడుచుకొస్తాయి, ఆమె బరువుతో కూర్చున్నట్టు తెలుస్తుంది. మధ్య తేడా పాతికేళ్ళో ఏమో. చాలామంది ఈ గది దాటి బొత్తిచెల్లి దగ్గరికి పరుగెడతారు. మీ కోర్సు మొత్తం ఈ గదిలోనే మొదలవుతుంది. ఉఫీజీ, అకాదేమియా మ్యూజియాలు రెండూ సోమవారం మూసి ఉంటాయి. నెల మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం కాబట్టి ఆ రోజు జనం కిక్కిరిసి మీరు లోపల ఏమీ చూడలేరు, వెళ్ళకండి. 18–25 ఏళ్ళ వాళ్ళకిచ్చే రెండు యూరోల టికెట్టు యూరోపియన్ యూనియన్ పౌరులకి. మీ స్టూడెంట్ కార్డు చూపిస్తే రాదు. అందుకే ఏ టికెట్లు ఫీజులో కలిసున్నాయో జాబితా అడగండి. ఉఫీజీకి ఏడాది కార్డు తీసుకుంటే నాలుగు వారాల్లో అరగంట చొప్పున ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చు, ఒక్కసారే నాలుగు గంటలు నడవడం కంటే అదే మేలు.

శాంతా మరియా నొవెల్లా చర్చిలో మసాచో ‘త్రిత్వం’ దగ్గరికి వెళ్ళినప్పుడు నడవలో వెనక్కి వెనక్కి జరుగుతూ చూడండి. గీతలన్నీ కలిసే బిందువు నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో పెట్టాడు, ఒక దూరం దగ్గర గోడ తెరుచుకుని వెనక గది ఉన్నట్టు అవుతుంది. అడుగు ముందుకేస్తే మళ్ళీ గోడ. కంప్యూటర్ సైన్స్ చదువుతున్నారు కాబట్టి ఇది మీకు ఇంకెవరికంటే ఎక్కువ నచ్చుతుంది.

రోమ్ వారానికి బోర్గేజే టికెట్టు ముందే తీసుకోవాలి, రెండు గంటల విడతలు, అప్పటికప్పుడు దొరకదు. వాటికన్ మ్యూజియాలు ఆదివారం మూత, నెల చివరి ఆదివారం ఒక్కటే ఉచితంగా తెరుస్తారు, తొక్కిసలాట. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి. బ్యాగులో ఒక చున్నీ ఉంటే చాలు. చాలా చర్చిలు మధ్యాహ్నం మూడు గంటల దాకానో నాలుగింటి దాకానో మూసేస్తారు. శాన్ లుయీజీ దేయి ఫ్రాంచేజీలో కారవాజ్జో 1599–1600లో వేసిన ‘మత్తయి పిలుపు’ ఉచితమే, కానీ చీకట్లో ఉంటుంది. డబ్బాలో నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కొద్దిసేపటికి ఆరిపోతుంది, కాబట్టి చిల్లర ఉంచుకోండి. ఇక్కడ కూడా వెలుగు కుడి నుంచే పడుతుంది. బ్రాంకాచి కిటికీ గుర్తుంటే ఏం చూడాలో మీకే తెలుస్తుంది.

తిండికి హోమ్‌స్టే కాకుండా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ కోరుకోండి. గుడ్డు కూడా తినని మనిషికి వేరేవాళ్ళింట్లో రోజూ ఇబ్బందే. ఎండు పాస్తా గోధుమ రవ్వ, నీళ్ళతో చేసింది, గుడ్డు ఉండదు. తాజా పాస్తాలో ఉంటుంది. తిరమిసు అనే మిఠాయిలో, పచ్చసొన రంగు జెలాతో ఐస్‌క్రీములో ఉంటుంది. పార్మిజానో చీజ్ దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో చేస్తారు, మీకు పట్టింపు ఉంటే పైన చల్లొద్దనండి. సూపులు, రిసోత్తో కూరగాయలవే అనిపించినా మాంసం ఉడికించిన నీళ్ళలో చేసి ఉండొచ్చు. ‘సోనో వెజెతారియానా, సెన్‌త్సా కార్నే, సెన్‌త్సా పేషే, సెన్‌త్సా ఉవోవా’ (శాకాహారిని, మాంసం, చేప, గుడ్డు లేకుండా) అని బట్టీ పట్టండి, ‘బ్రోదో ది కార్నే?’ (మాంసం ఉడికించిన నీళ్ళా?) అని అడగడం కూడా నేర్చుకోండి. చీజ్ లేని మరినారా పిజ్జా, శనగపిండితో కాల్చే చెచీనా నిశ్చింతగా తినొచ్చు. రోమ్‌లో పప్పులు, కరివేపాకు కావాలంటే ఎస్క్విలీనో మార్కెట్. అమెరికాలో కొన్న రైస్ కుక్కర్ తీసుకెళ్ళకండి, అక్కడ కరెంటు 230 వోల్టులు, మాడిపోతుంది. ఇళ్ళకి మామూలుగా మూడు కిలోవాట్ల కనెక్షనే ఉంటుంది, ఏసీ, వాషింగ్ మెషీన్, ఓవెన్ కలిపి వేస్తే ఇల్లంతా ట్రిప్ అవుతుంది.

దిగాక ఒక లాంఛనం ఉంది. పారిస్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట విమానం మారితే షెంగెన్‌లోకి ప్రవేశం అక్కడే అయిపోతుంది. అప్పుడు ఇటలీ చేరిన 8 రోజుల్లో పోలీసు కార్యాలయం క్వెస్తూరాలో మీరొచ్చినట్టు తెలియజేయాలి. హోటల్ అయితే వాళ్ళే పంపుతారు. అపార్ట్‌మెంట్ కాబట్టి ఆ పని ఎవరు చేస్తారో ప్రోగ్రామ్ వాళ్ళని అడగండి, రసీదు ఫొటో ఉంచుకోండి. సరిహద్దులో ఇప్పుడు వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకుంటున్నారు, క్యూలు నిదానంగా కదులుతాయి. మధ్యలో మారే విమానానికి మూడు గంటలైనా వ్యవధి పెట్టి టికెట్టు కొనండి. తిరుగు ప్రయాణంలో ఐ-20, యూనివర్సిటీ ఉత్తరం, ఫీజు రసీదులు చేతి సంచిలోనే ఉంచుకోండి. చెకిన్ సామాన్లలో పెడితే డాలస్ ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర అడిగినప్పుడు అవి మీ చేతిలో ఉండవు, సామాన్ల బెల్టు దాని తర్వాతే వస్తుంది.